హార్లే క్లచ్ కథ: తోలు బెల్ట్ నుంచి స్లిప్పర్ క్లచ్ దాకా 120 ఏళ్ళు

బైక్ గురించి మాట్లాడితే మనం ముందు ఇంజిన్ గురించే మాట్లాడతాం. ఎన్ని సీసీ, ఎంత పవర్, ఎంత టార్క్. కానీ ఆ టార్క్ వెనక చక్రం దాకా వెళ్ళే దారిలో మొదటి మెట్టు ఒకటుంది. దాని గురించి ఎవరూ థంబ్‌నెయిల్ పెట్టరు. అదే ప్రైమరీ డ్రైవ్, దాని చివర కూర్చున్న క్లచ్. ఈ ఎపిసోడ్ మొత్తం దాని చరిత్రే. ఉదాహరణకి హార్లే డేవిడ్‌సన్‌ని తీసుకుందాం. ఎందుకంటే ఈ ఒక్క పార్ట్‌ని కంపెనీ, ఓనర్లు పోటీపడి మారుస్తూ వచ్చిన కథ అక్కడ దొరికినంత పొడుగ్గా ఇంకెక్కడా దొరకదు.

ముందు ఒక్క నిమిషం బేసిక్స్ చూద్దాం. ఇంజిన్ క్రాంక్ చివర ఒక చిన్న స్ప్రాకెట్ ఉంటుంది. దాన్నుంచి ఒక చైన్ క్లచ్ బాస్కెట్‌కి వెళ్తుంది. బాస్కెట్ లోపల ప్లేట్లు ఒకదాని మీద ఒకటి దొంతరగా ఉంటాయి. ఒక ప్లేట్ ఇంజిన్ వైపుది, పక్కది గేర్‌బాక్స్ వైపుది, మళ్ళీ ఇంజిన్ వైపుది. స్ప్రింగ్ వాటన్నిటినీ నొక్కి పట్టుకుంటే అన్నీ కలిసి తిరుగుతాయి. మీరు లివర్ నొక్కితే స్ప్రింగ్ పట్టు వదులుతుంది, ప్లేట్లు విడిపోతాయి, గేర్ పడుతుంది. ఇంజిన్‌కీ క్లచ్‌కీ మధ్య ఉన్న చైన్ ప్రైమరీ. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రానికి వెళ్ళేది ఫైనల్ డ్రైవ్. ఈ రెండూ కలిపేసుకోకండి, కథలో రెండూ వస్తాయి.

క్లచ్ లేని రోజులు

1903లో మిల్వాకీలో మొదలైన తొలి హార్లేలకి అసలు క్లచ్ లేదు, గేర్‌బాక్స్ కూడా లేదు. ఇంజిన్ నుంచి వెనక చక్రానికి నేరుగా ఒక తోలు బెల్ట్ ఉండేది. ఆగాలంటే ఒక లివర్‌తో ఆ బెల్ట్‌ని వదులు చేసేవాళ్ళు. బయల్దేరాలంటే మళ్ళీ బిగించేవాళ్ళు. వానలో తోలు తడిస్తే బెల్ట్ జారేది. పవర్ తక్కువ కాబట్టి ఎలాగోలా నడిచిపోయింది.

1912లో వెనక చక్రం హబ్‌లో ఒక క్లచ్ పెట్టారు. 1914లో రెండు స్పీడ్‌ల హబ్ వచ్చింది. 1915లో మూడు గేర్లతో విడి గేర్‌బాక్స్ వచ్చాక ఇంజిన్ ఒక డబ్బా, గేర్‌బాక్స్ ఇంకో డబ్బా, మధ్యలో ప్రైమరీ చైన్ అనే అమరిక స్థిరపడింది. ఆ రెండు డబ్బాలనీ ఎంత సరిగ్గా వరసలో పెట్టాలి, చైన్ ఎంత బిగించాలి, నూనె ఎలా అందించాలి అన్న తలనొప్పి కూడా అప్పుడే మొదలైంది. హార్లే పెద్ద బైకుల్లో ఆ తలనొప్పి ఏదో ఒక రూపంలో ఇంకా నడుస్తూనే ఉంది.

అప్పట్లో క్లచ్ ఎడమ కాలితో నొక్కేవాళ్ళు. గేర్ మార్చడానికి ట్యాంక్ పక్కన ఒక చేతి లివర్ ఉండేది. అంటే గేర్ మార్చేటప్పుడు హ్యాండిల్ మీద ఒక్క చెయ్యే మిగులుతుంది. కంపెనీ ఇచ్చిన పెడల్ ముందుకి, వెనక్కి వాలి పెట్టిన చోటే నిలబడేది కాబట్టి సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టొచ్చు. కొంతమంది దాన్ని కార్ పెడల్‌లా స్ప్రింగ్‌తో వెనక్కి వచ్చేట్టు మార్చుకున్నారు. అప్పుడు కాలు జారితే బండి దానంతటదే ముందుకి దూకుతుంది. దానికి వాళ్ళే పెట్టుకున్న పేరు సూసైడ్ క్లచ్.

1952: క్లచ్ చేతికొచ్చింది

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలోకి ట్రయంఫ్, బీఎస్ఏ లాంటి బ్రిటిష్ బైకులు బాగా వచ్చాయి. తేలిక బండ్లు, కాలితో గేర్, చేతితో క్లచ్. వాటిని ఒకసారి తోలినవాడికి హార్లే పాత పద్ధతి మోటుగా అనిపించింది. అందుకే 1952లో హార్లే కొత్త కే మోడల్‌ని కాలి గేర్, చేతి క్లచ్‌తో తెచ్చింది. పెద్ద ప్యాన్‌హెడ్ ఇంజిన్ బైకులకి కూడా అదే ఏడాది ఆ ఆప్షన్ ఇచ్చింది.

ఇక్కడే అసలు సమస్య వచ్చింది. కాలితో నొక్కడానికి డిజైన్ చేసిన క్లచ్ స్ప్రింగుల్ని ఇప్పుడు నాలుగు వేళ్ళతో లాగాలి. మామూలు మనిషి వల్ల కాదు. దానికి హార్లే చేసింది ఏంటంటే, లోపల క్లచ్‌ని ముట్టుకోకుండా బయట ఫ్రేమ్ మీద ఇంకో పెద్ద స్ప్రింగ్ మెకానిజం బిగించింది. లివర్ కొంచెం లాగగానే ఆ స్ప్రింగ్ మధ్య బిందువు దాటి మిగతా పని తను చేసేస్తుంది. చూడ్డానికి ఎలుకల్ని పట్టే ట్రాప్‌లా ఉంటుందని రైడర్లు దాన్ని మౌస్‌ట్రాప్ అన్నారు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలిసిన వ్యవహారం. పాత కోడ్ మార్చే ధైర్యం లేక దాని మీద ఇంకో లేయర్ వేస్తాం. పని జరుగుతుంది. కానీ సర్దుబాటు చెయ్యాల్సిన పాయింట్లు రెండింతలవుతాయి. మౌస్‌ట్రాప్ ఉన్న పాత హార్లేని సెట్ చెయ్యాలంటే ఇప్పటికీ ఓపికున్న మెకానిక్ కావాలి.

నూనె గొడవ

ఆ కాలం పెద్ద హార్లేల్లో క్లచ్ డ్రై టైప్. అంటే ప్లేట్లకి నూనె తగలకూడదు. కానీ దాని పక్కనే తిరుగుతున్న చైన్‌కి మాత్రం నూనె కావాలి. ఇద్దరూ ఒకే కవర్ కింద ఉన్నారు. చైన్ మీద బొట్లు బొట్లుగా నూనె పడే ఏర్పాటు ఉండేది. ఎక్కువ పడితే ప్లేట్లు తడిసి క్లచ్ జారుతుంది. తక్కువ పడితే చైన్ అరుగుతుంది. పాత రేకు కవర్ల నుంచి మిగతాది నేల మీద కారుతుంది. హార్లే ఎక్కడ పార్క్ చేస్తే అక్కడ మరక అన్న జోకుల్లో ఈ కవర్ వాటా కూడా ఉంది.

1965లో ఎలక్ట్రా గ్లైడ్‌కి సెల్ఫ్ స్టార్ట్ వచ్చింది. స్టార్టర్ మోటార్ ఇంజిన్‌ని తిప్పేది క్లచ్ బాస్కెట్ చుట్టూ ఉన్న పళ్ళ రింగ్ ద్వారా. అంటే ప్రైమరీకి ఇంకో ఉద్యోగం తగిలింది. ఇక క్లచ్ మార్చాలనుకునేవాడు స్టార్టర్ గురించి కూడా ఆలోచించాలి. తర్వాతి మోడళ్ళలో ఈ రింగ్ 66 పళ్ళతో కొన్నాళ్ళు, 102 పళ్ళతో కొన్నాళ్ళు వచ్చింది. ఈ లెక్క చూసుకోకుండా పాత బాస్కెట్ కొని తెచ్చుకుంటే స్టార్టర్ పళ్ళతో కలవదు, డబ్బులు పోయినట్టే.

1980: స్టర్జిస్ మీద బెల్ట్ ప్రయోగం

1969లో హార్లేని ఏఎంఎఫ్ అనే కంపెనీ తీసుకుంది. క్వాలిటీ మీద ఫిర్యాదులు పెరిగిన కాలం అది. ఒకవైపు జపాన్ బైకులు నూనె కార్చకుండా, బటన్ నొక్కగానే స్టార్టయ్యి, తక్కువ ధరకి వస్తున్నాయి. ఆ పరిస్థితుల్లో 1980లో హార్లే ఒక సాహసం చేసింది. సౌత్ డకోటాలో 1938 నుంచి జరుగుతున్న బైక్ ర్యాలీ ఊరి పేరు పెట్టి ఎఫ్‌ఎక్స్‌బీ స్టర్జిస్ అనే బైక్ తెచ్చింది. అందులో ప్రైమరీ, ఫైనల్ రెండూ చైన్లు కాదు, బెల్టులే. గేట్స్ కంపెనీ తయారుచేసిన పళ్ళ బెల్టులు. 1903 తోలు బెల్ట్ లాంటిది కాదు. లోపల గట్టి ఫైబర్ దారాలు, పైన పళ్ళు, జారే ప్రశ్నే లేదు.

లాభం వెంటనే కనిపిస్తుంది. ప్రైమరీలో నూనె అక్కర్లేదు. నూనె లేకపోతే డ్రై క్లచ్ తడవదు, కవర్ కారదు. పైన చెప్పిన నూనె గొడవ మొత్తానికి ఒక్క దెబ్బతో జవాబు.

మరి ఏమైంది? ఫైనల్ బెల్ట్ గెలిచింది. తర్వాతి ఏళ్ళలో హార్లేలన్నిటికీ పాకింది, ఇప్పటికీ క్రూజర్లలో ఉంది. ప్రైమరీ బెల్ట్ మాత్రం కొన్నేళ్ళకే ఫ్యాక్టరీ నుంచి వెళ్ళిపోయింది. ఒకే టెక్నాలజీ ఒకచోట నిలిచి ఇంకోచోట ఎందుకు నిలవలేదో అర్థం చేసుకోవాలంటే ప్రైమరీలో బతుకు ఎలా ఉంటుందో చూడాలి.

హార్లే వీ ట్విన్ సిలిండర్ల మధ్య కోణం 45 డిగ్రీలు. రెండు పిస్టన్లూ ఒకే క్రాంక్ పిన్‌కి ఉంటాయి. అందువల్ల పేలుళ్ళు సమానంగా రావు. ఒకటి 315 డిగ్రీలకి, తర్వాతది 405 డిగ్రీలకి వస్తుంది. మనం ఇష్టపడే ఆ కుంటి సౌండ్ అక్కడిదే. ఆ సౌండ్ చెవికి బాగుంటుంది కానీ ప్రైమరీకి అది సుత్తి దెబ్బ. అందుకే క్రాంక్ స్ప్రాకెట్‌లో కాంపెన్సేటర్ అనే షాక్ అబ్సార్బర్ పెడతారు. ఏటవాలు ముఖాలు, గట్టి స్ప్రింగ్ ఉంటాయి. దెబ్బ తగిలినప్పుడు కొంచెం జారి మళ్ళీ కుదురుకుంటుంది. బెల్ట్ పెట్టేటప్పుడు చాలా కిట్లలో ఈ కాంపెన్సేటర్ తీసేస్తారు. దెబ్బ మొత్తం నేరుగా గేర్‌బాక్స్‌కి వెళ్తుంది.

ఇంకోటి వేడి. అల్యూమినియం కేసులు వేడెక్కితే సాగుతాయి. రెండు పుల్లీల మధ్య దూరం పెరిగి బెల్ట్ బిగుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా బిగించిన బెల్ట్ వేడి మీద బేరింగుల్ని లాగేస్తుంది. అందుకే బెల్ట్ ప్రైమరీని చల్లగా ఉన్నప్పుడు కావాలనే కొంచెం లూజ్‌గా పెట్టాలి.

1981లో 13 మంది ఎగ్జిక్యూటివ్‌లు కలిసి ఏఎంఎఫ్ దగ్గర్నుంచి కంపెనీని తిరిగి కొన్నారు. 1984 మోడల్‌కి ఎవల్యూషన్ ఇంజిన్ వచ్చింది. ఆ ఏడాదిలోనే పెద్ద బైకులకి వెట్ క్లచ్ కూడా వచ్చింది. ప్లేట్లు నూనెలో మునిగే ఉంటాయి, స్ప్రింగుల గుత్తి బదులు ఒకే ఒక్క డయాఫ్రమ్ స్ప్రింగ్. చైన్‌కీ క్లచ్‌కీ మధ్య దశాబ్దాల నూనె గొడవ ఇలా తీరింది. నూనెని బయటకి పంపలేదు, నూనెలో బతకగలిగే క్లచ్‌నే తెచ్చారు.

ఓనర్లు రంగంలోకి

1984 తర్వాత కథ ఎక్కువగా ఫ్యాక్టరీ బయటే నడిచింది. 1340 సీసీ ఎవల్యూషన్ ఇంజిన్‌ని ఓనర్లు వదల్లేదు. క్యామ్ మార్చారు, కార్బ్యురేటర్ మార్చారు, విస్కాన్సిన్‌లో ఎస్ అండ్ ఎస్ లాంటి కంపెనీల పెద్ద ఇంజిన్లు దింపారు. టాప్ గేర్‌లో థ్రాటిల్ తిప్పితే ఆర్‌పీఎం పెరుగుతుంది, బండి మాత్రం వేగం పెరగదు. క్లచ్ జారుతోంది. సిస్టమ్స్ భాషలో చెప్తే బాటిల్‌నెక్ కిందికి జరిగింది.

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం. క్లచ్ ఎంత టార్క్ మోయగలదన్నది నాలుగు విషయాల మీద ఉంటుంది. రాపిడి ముఖాలు ఎన్ని, ప్లేట్ మెటీరియల్ ఎంత పట్టు ఇస్తుంది, స్ప్రింగ్ ఎంత గట్టిగా నొక్కుతుంది, ప్లేట్ సగటు వ్యాసార్థం ఎంత. బాస్కెట్ సైజ్ మారదు కాబట్టి వ్యాసార్థం వదిలెయ్యండి. మిగిలినవి మూడు దారులు.

అన్నిటికంటే చవక దారి గట్టి స్ప్రింగ్. పట్టు పెరుగుతుంది, కానీ ఆ బరువంతా మీ ఎడమ చేతి మీదే. ట్రాఫిక్‌లో అరగంటకే మణికట్టు లాగేస్తుంది.

రెండోది ప్లేట్లు పెంచడం. అదే బాస్కెట్‌లో పలచటి ప్లేట్లతో ఎనిమిది చోట తొమ్మిది పట్టించగలిగితే అదే స్ప్రింగ్‌తో 12.5 శాతం ఎక్కువ మోస్తుంది. లివర్ బరువు పెరగదు. బార్నెట్ లాంటి కంపెనీల ఎక్స్‌ట్రా ప్లేట్ కిట్లు ఈ లెక్క మీదే అమ్ముడుపోయాయి.

మూడోది తెలివైన దారి. ప్రెషర్ ప్లేట్ మీద చిన్న బరువు చేతులు పెడతారు. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ అవి బయటికి విసురుకుని ప్లేట్లని అదనంగా నొక్కుతాయి. సిగ్నల్ దగ్గర లివర్ తేలికగా ఉంటుంది, వేగంలో పట్టు గట్టిగా ఉంటుంది.

ఇంకొంతమంది ఫ్యాక్టరీ వదిలేసిన బెల్ట్‌నే మళ్ళీ పట్టుకున్నారు. కాలిఫోర్నియాలో బీడీఎల్ లాంటి కంపెనీలు మూడంగుళాల వెడల్పు బెల్ట్, దానికి డ్రై క్లచ్ కలిపి కిట్లుగా అమ్మాయి. కవర్ కూడా తీసేసి ఓపెన్ ప్రైమరీగా తోలడం చాపర్లలో ఒక స్టైల్ అయింది. ఫొటోల్లో అదిరిపోతుంది. కానీ ఎడమ కాలి పక్కనే వేల ఆర్‌పీఎంలో తిరిగే బెల్ట్ అది. ప్యాంట్ అంచు, షూ లేస్, రోడ్డు మీంచి ఎగిరిన రాయి, దేన్నైనా లాక్కుంటుంది. లుక్ కోసం తీసేసిన ఆ కవర్ అసలు అక్కడ ఎందుకుందో మర్చిపోవద్దు.

ఒకటి బాగుచేస్తే ఇంకోటి

తర్వాత ఫ్యాక్టరీ కూడా కదిలింది. 2007లో 1584 సీసీ ట్విన్ క్యామ్ 96 ఇంజిన్, ఆరు గేర్ల బాక్స్ వచ్చాయి. మిషిగన్‌లో బేకర్ డ్రైవ్‌ట్రైన్ అప్పటికే ఆరు గేర్ల బాక్సులు అమ్ముతోంది. ప్రైమరీలో కూడా లెక్క మారింది. అంతకుముందు ఐదు గేర్ల బైకుల్లో క్రాంక్ మీద 25 పళ్ళు, క్లచ్ మీద 36 పళ్ళు, నిష్పత్తి 1.44. ఇప్పుడు 34, 46 పళ్ళు, నిష్పత్తి 1.353. దీని అర్థం ఏంటంటే, ఇంజిన్ 100 న్యూటన్ మీటర్లు ఇస్తే పాత క్లచ్ 144 మోయాలి, కొత్తది 135 మోస్తే చాలు. ఒక్క ప్లేట్ కూడా మార్చకుండా క్లచ్ మీద బరువు తగ్గింది.

అదే ప్యాకేజ్‌లో చైన్ టెన్షనర్ ఆటోమేటిక్ అయింది. చైన్ సాగితే దానంతటదే ఒక మెట్టు పైకెక్కి బిగిస్తుంది, కానీ వెనక్కి దిగదు. మళ్ళీ అదే వేడి లెక్క. కొన్ని బైకుల్లో ఇది అవసరానికి మించి బిగిసి లోపలి బేరింగుల్ని తినేస్తోందని ఓనర్లు ఫిర్యాదు చేశారు. దానికి ఆఫ్టర్‌మార్కెట్ కంపెనీలు పాత పద్ధతిలో చేత్తో బిగించే టెన్షనర్లు తయారుచేసి అమ్మాయి. ఆటోమేటిక్ తీసేసి మాన్యువల్ పెట్టుకోవడాన్ని కూడా అప్‌గ్రేడ్ అనే పిలిచారు.

2014 టూరింగ్ మోడళ్ళలో కేబుల్ బదులు హైడ్రాలిక్ క్లచ్ విస్తృతంగా వచ్చింది. లివర్ తేలిక, కేబుల్ తెగే భయం లేదు. కానీ కేబుల్ అరిగితే ముందే తెలుస్తుంది, పోగులు లేస్తాయి. హైడ్రాలిక్‌లో ద్రవం కారినా, లోపల గాలి బుడగలు చేరినా ఉన్నట్టుండి లివర్ నొక్కినా క్లచ్ విడవదు. గేర్‌లో ఉన్న బండి సిగ్నల్ దగ్గర ముందుకి తోస్తూనే ఉంటుంది. 2013లో దాదాపు 29,000 బైకులు, 2015లో దాదాపు 46,000, 2016లో దాదాపు 27,000, 2018లో దాదాపు 2,38,000 బైకులు క్లచ్ కారణంగా రీకాల్ అయ్యాయి. తోలేవాడి చెయ్యి తేలిక చెయ్యాలని తెచ్చిన మార్పు అదే తోలేవాణ్ణి ప్రమాదంలో పెట్టింది. క్లచ్ అంటే కంఫర్ట్ పార్ట్ అనుకుంటాం. అది బ్రేక్ లాంటిదే, సేఫ్టీ పార్ట్.

2017 మిల్వాకీ ఎయిట్ ఇంజిన్‌తో అసిస్ట్ అండ్ స్లిప్ క్లచ్ వచ్చింది. హబ్ లోపల ఏటవాలు మెట్లుంటాయి. ఇంజిన్ లాగుతున్నప్పుడు ఆ మెట్లు ప్లేట్లని ఇంకా దగ్గరికి నొక్కుతాయి, కాబట్టి మెత్తటి స్ప్రింగ్ చాలు. గేర్ దబ్బున తగ్గించినప్పుడు మెట్లు వ్యతిరేకంగా పనిచేసి పట్టు కొంచెం వదులుతాయి, వెనక చక్రం జారదు. 1952లో మౌస్‌ట్రాప్ బయట నుంచి చెయ్యాలనుకున్న పని ఇప్పుడు క్లచ్ లోపలే జరుగుతోంది. మధ్యలో 65 ఏళ్ళు పట్టింది.

మనకేంటి?

హార్లే ఇక్కడ అందరి దగ్గరా ఉండదు. కానీ పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇంట్లో ఉన్నవాళ్ళకి ఈ కథ కొత్తేమీ కాదు. ఎడమవైపు చైన్ కవర్, లోపల ప్రైమరీ చైన్, చేత్తో సర్దే టెన్షనర్, కింద నూనె మరక, గట్టి క్లచ్. అవే కష్టాలు, బ్రిటిష్ వెర్షన్. ఇప్పుడు అసిస్ట్ అండ్ స్లిప్ క్లచ్ మన రోడ్ల మీద మిడిల్ క్లాస్ బైకుల్లో కూడా దొరుకుతోంది.

ఈ చరిత్ర నుంచి మూడు పనికొచ్చే మాటలు.

ఒకటి. క్లచ్ జారుతోందంటే వెంటనే గట్టి స్ప్రింగ్ కొనొద్దు. ముందు కేబుల్ ఫ్రీ ప్లే చూడండి, నూనె చూడండి. వెట్ క్లచ్ ఉన్న బైక్‌లో కార్ ఇంజిన్ ఆయిల్ పోస్తే అందులోని ఫ్రిక్షన్ తగ్గించే మందులు ప్లేట్ల పట్టుని కూడా తగ్గిస్తాయి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూసుకోండి.

రెండు. జారే క్లచ్ ఒక రకంగా ఇంట్లో ఫ్యూజ్ లాంటిది. దాన్ని మరీ బలంగా చేస్తే తర్వాతి దెబ్బ గేర్ పళ్ళకో మెయిన్ షాఫ్ట్‌కో తగులుతుంది. ప్లేట్ల సెట్ ధరకీ గేర్‌బాక్స్ ధరకీ తేడా మీకు తెలుసు. ఏ అప్‌గ్రేడ్ అయినా చేసే ముందు ఈ బలం తర్వాత ఎవరి మీద పడుతుందని మెకానిక్‌ని అడగండి.

మూడు. లివర్ ఎంత తేలికగా ఉంటే అంత ఎక్కువమంది ఆ బండి తోలగలరు. చిన్న చేతులున్న అమ్మాయిలు, కీళ్ళనొప్పులున్న అరవై ఏళ్ళ బాబాయిలు, రోజూ మూడు గంటలు ట్రాఫిక్‌లో ఉండే డెలివరీ కుర్రాళ్ళు. గట్టి క్లచ్ లాగడం మగతనం అనే మాట ఇప్పటికీ వింటుంటాం. 1952 నుంచి ఇంజనీర్లు ఆ బరువు తగ్గించడానికే కష్టపడుతున్నారని వాళ్ళకి చెప్పండి.

మీ బైక్ క్లచ్ ఎప్పుడైనా మార్పించారా? స్ప్రింగ్ మార్చారా, ప్లేట్లా, తర్వాత చేతికి ఎలా అనిపించింది? కామెంట్‌లో బైక్ మోడల్‌తో సహా రాయండి, అదే బైక్ ఉన్న ఇంకొకరికి పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో ఫైనల్ డ్రైవ్ మాట్లాడుకుందాం. చైన్, బెల్ట్, షాఫ్ట్, మూడింటిలో ఎవరు ఎందుకు గెలిచారో చూద్దాం. అందాకా హెల్మెట్ మర్చిపోకండి, క్లచ్ మీద రెండు వేళ్ళు ఊరికే పెట్టి తోలకండి. ఉంటాను.